దళారి లేని దారి

దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్
17 ఆగస్టు 2025, ఆదివారం

స్నేహితురాలు ఇందిరాదేవికి సూర్యప్రభ నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. మోకాళ్లు నా మాట వినడం మానేసి రెండేళ్లయింది, వాటి సంగతి వదిలెయ్. కాకినాడలో నువ్వూ, మీ తమ్ముడి కుటుంబమూ కులాసాగా ఉన్నారని, కంటి ఆపరేషన్ తర్వాత నీకు చదవడం తేలికైందని తలుస్తాను. అయినా అక్షరాలు కాస్త పెద్దవిగానే రాస్తున్నాను.

వారం వారం ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరమేమిటి అంటావు. ఫోన్‌లో నేను రెండు మాటలు చెప్పేలోపు నువ్వు నాలుగు ప్రశ్నలు వేస్తావు. ఇది మొదటినుంచి చివరిదాకా ఒక్క పట్టున చెప్పవలసిన విషయం. ఈ ఒక్కసారికి నన్ను చెప్పనివ్వు.

మన యాదలక్ష్మి బోట్స్వానా వెళ్లింది. అక్కడి విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ లెక్చరర్‌గా చేరింది. వెళ్లి పదిహేను రోజులైంది.

నీకు గుర్తుండే ఉంటుంది. 2005 బ్యాచ్. కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీగా పనిచేసిన మట్టయ్య కూతురు. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చిన కుటుంబం. నీ కెమిస్ట్రీ ల్యాబులో పిపెట్ పగలగొట్టి, నువ్వు అడక్కముందే వచ్చి చెప్పిన పిల్ల. తర్వాత ఎమ్మెస్సీ, ఆపైన బత్తాయి కాయ కోసిన తర్వాత ఎందుకు కుళ్లుతుందన్న దాని మీద పీహెచ్‌డీ చేసి, మన కాలేజీలోనే కాంట్రాక్టు లెక్చరర్‌గా పదకొండేళ్లు పనిచేసింది. భర్త మధు ఎల్బీనగర్‌లో కార్ల ఎలక్ట్రీషియన్. తొమ్మిదేళ్ల కూతురు జ్యోతిక.

నిరుడు జూన్‌లో కాలేజీ యాజమాన్యం చేతులు మారింది. కొత్తవాళ్లు వచ్చీ రాగానే కాంట్రాక్టు వాళ్ల క్లాసులు కోసేశారు. యాదలక్ష్మికి వారానికి ఆరు క్లాసులు మిగిలాయి. పర్మినెంటు పోస్టుల నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి ఎదురుచూసి ముప్పై ఆరేళ్లు వచ్చాయి దానికి. అప్పుడే మా వీధి చివర, కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఒక కన్సల్టెన్సీ బోర్డు చూసింది. విదేశీ యూనివర్సిటీల్లో మహిళా అధ్యాపకులకు అవకాశాలు అని ఉందట. నాకు చెప్పకుండా వెళ్లి, అడిగారు కదా అని సర్టిఫికెట్ల ఒరిజినల్స్ అన్నీ అప్పజెప్పి వచ్చింది.

మూడు వారాలైనా కబురు లేదు. వెళ్లి, ఏ యూనివర్సిటీకి పంపుతున్నారని అడిగిందట. అది ఇప్పుడే చెప్పకూడదు, మా వ్యాపార రహస్యం అన్నాడట అక్కడి పెద్దమనిషి. మాట్లాడుతుండగా అతని బల్ల మీది కాగితంలో గల్ఫ్‌లోని ఒక యూనివర్సిటీ పేరు కనబడింది. ఇంటికొచ్చి ఆ యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసుకే సూటిగా మెయిల్ రాసింది. రెండు రోజుల్లో జవాబు. మీరు చెప్పిన పోస్టు మా దగ్గర లేదు, మేం ఏ ఏజెంటు ద్వారానూ ఎవరినీ తీసుకోము, ఖాళీలు ఉన్నప్పుడు మా వెబ్‌సైటులో ప్రకటిస్తాం, ఎవరైనా నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు అని.

ఆ మెయిల్ పట్టుకుని, ఈ సంగతి చెప్పడానికి మొదటిసారి నా దగ్గరకొచ్చింది. మోసపోయానని ఏడుస్తుందనుకున్నాను. అది చివరి వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదివింది. ‘మేడం, మనమే రాయొచ్చంట’ అంది.

ముందు ఒరిజినల్స్ రావాలి కదా. ఆ మర్నాడు అది చేసిన పని వింటే నీకు నవ్వూ వస్తుంది, గర్వమూ కలుగుతుంది. పొద్దున పదింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ ఆఫీసుకెళ్లింది. సార్ ఊళ్లో లేరన్నారు. సరే, వచ్చేదాకా కూర్చుంటానని గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. గొడవ లేదు, గొంతు పెంచడం లేదు. లోపలికి వచ్చిన ప్రతివాళ్లనూ మాత్రం మర్యాదగా పలకరించింది. ‘అక్కా, ఏ యూనివర్సిటీనో పేరు చెప్పిండ్రా? జర అడుగుండ్రి’ అని అంతే. మధ్యాహ్నానికి ఇద్దరు తమ ఫైళ్లు వెనక్కి అడిగారు. మూడో ఆవిడ మెట్ల మీదనుంచే తిరిగి వెళ్లిపోయింది. మూడింటికల్లా ఊళ్లో లేని సారు లోపలి గదిలోంచి బయటికొచ్చారు. మా వ్యాపారం పాడుచేస్తున్నావు అన్నాడట. ‘నేనేమన్న అబద్ధం చెప్పిన్నా సార్? పేరు అడగమన్న. పేరు చెప్తే ఐపోతుండె గద’ అందట ఇది. కాగితాలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పదో తరగతి మెమో దగ్గర్నుంచి పీహెచ్‌డీ పట్టా దాకా ఒక్కొక్కటే సరిచూసుకుని, డబ్బా కడుక్కుని మరీ వచ్చింది.

ఇంట్లో మాత్రం అంత సులువుగా జరగలేదు. మట్టయ్య భయపడ్డాడు. నలభై ఏళ్లు మార్కెట్‌లో బుట్టలు మోసినవాడు. మధ్యలో మనిషి లేకుండా ఏ సరుకూ కదలదని అతని అనుభవం. నా ముందే కూతుర్ని అడిగాడు.

‘దళారి లేకుంట ఎట్ల బిడ్డా? ఎవడు తీస్కపోతడు, ఎవడు జవాబు చెప్తడు?’

‘దళారి ఉన్నందుకే గద నాయినా రైతు మొకం ఎవ్వరు చూడకపాయె. నా మొకం నేనే చూపిచ్చుకుంట’ అంది.

మధు ఇంకో రకం. కాదనలేదు, అవుననలేదు. మూడు రోజులు భార్యతో మాట్లాడలేదట. నాలుగో రోజు పొద్దున జ్యోతికను ముందు కూర్చోబెట్టుకుని, రెండు జడలు ఎలా వేయాలో చూపించమన్నాడట. మొదటి వారమంతా ఆ పిల్ల ఒక జడ పైకి, ఒక జడ కిందికి పెట్టుకుని బడికెళ్లింది. ఇంక నేను వేరే అడగాల్సిన పని లేకపోయింది మేడం అని యాదలక్ష్మి చెప్పినప్పుడు, మధు మీద నాకున్న అభిప్రాయం మార్చుకున్నాను.

దరఖాస్తు ఉత్తరం నేను రాసిచ్చాను. బోటనీ రికార్డుల్లో ముప్పై ఐదేళ్లు పిల్లల ఇంగ్లీషు దిద్దినదాన్ని కదా. గౌరవనీయులైన అయ్యా, వినమ్రంగా మనవి చేసుకునేది ఏమనగా, తమ మహోన్నత సంస్థలో సేవ చేసే భాగ్యం... ఆ ధోరణిలో ఒక పేజీ నింపాను. అది చదివి కాగితం కింద పెట్టింది.

‘మేడం, తప్పనుకోకుండ్రి. గిండ్ల నేనెక్కడున్న? మా నాయిన బుట్టమీద చెయ్యిపెట్టి, లోపట ఎన్ని కాయలు ఖరాబైనయో చెప్తుండె. అది ఎట్ల తెలుస్తదని అడుక్కుంట అడుక్కుంట నేను పీహెచ్‌డీ చేసిన. గది రాస్త.’

గదే రాసింది. నా విశేషణాలన్నీ కొట్టేసి, మొదటి పేరాలోనే తను ఏం కనిపెట్టింది, ఏం పాఠాలు చెప్పింది, వాళ్ల డిపార్ట్‌మెంటులో ఏ పాఠం చెప్పగలదు అని నాలుగు వాక్యాల్లో పెట్టింది. సిగ్గుపడాలో మెచ్చుకోవాలో తెలియక కాఫీ పెట్టుకొచ్చాను.

ఆ పిల్ల వెతికిన తీరు చూడాల్సింది. ఏ దేశంలో నిమ్మజాతి తోటలు ఎక్కువో ముందు తెలుసుకుంది. ఆ దేశాల యూనివర్సిటీల పేజీలు ఒక్కొక్కటే తెరిచి ఖాళీలు చూసుకుంది. నిమ్మ, నారింజ తెగుళ్ల మీద వ్యాసాలు రాసినవాళ్లకు ఉత్తరాలు రాసింది. ఉద్యోగం ఇమ్మని కాదు, వ్యాసంలో తనకు వచ్చిన అనుమానం అడుగుతూ. నిజంగా చదివినవాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు రాకుండా ఉంటుందా? కొందరు రాశారు. ఒకాయన, మా దగ్గర పోస్టు లేదు గానీ ఫలానా చోట త్వరలో పడుతుందని కూడా చెప్పాడు.

అలాగని దారంతా పూలు పరిచి లేదు. ఏడు నెలల్లో ముప్పై చోట్లకు పంపితే, సగానికి పైగా చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒక ప్రైవేటు కాలేజీ వెంటనే రమ్మంది. కాకపోతే నిలువెత్తు ఫోటో పంపమంది, వచ్చాక పాస్‌పోర్టు వాళ్ల దగ్గర ఉంచాలంది. ‘పాఠం చెప్పెతందుకు నిలువెత్తు ఫోటో ఎందుకు మేడం?’ అని ఆ మెయిల్‌కు జవాబే ఇవ్వలేదు. అప్పటికి కాలేజీలో ఉన్న ఆరు క్లాసులు నాలుగయ్యాయి. చేతిలోకి వచ్చిన పనిని వదులుకోవడానికి ఎంత గుండె కావాలో నీకూ నాకూ తెలుసు.

బోట్స్వానా ప్రకటన జనవరిలో పడింది. దరఖాస్తు పంపిన రోజే ఇంకొక పని చేసింది. ఆ డిపార్ట్‌మెంటు పేజీలో ఉన్న ఒక ఆడ లెక్చరర్‌కు, కెన్యా నుంచి వచ్చి పనిచేస్తున్న ఆవిడకు, వేరే ఉత్తరం రాసింది. మీరు ఎక్కడ ఉంటారు, సాయంత్రం ల్యాబు అయ్యాక ఒంటరిగా ఇంటికి నడిచి వెళ్లగలరా, ఒప్పందం కాగితం మీద ఉన్నదే అక్కడ జరుగుతుందా, పిల్లను తీసుకొస్తే బడి దొరుకుతుందా అని. ఆవిడ రెండు పేజీల జవాబు రాసింది. బాగున్నది బాగున్నదని, వేసవిలో నీళ్ల ఇబ్బంది ఉంటుందని, డీన్ కోపిష్టి గానీ న్యాయంగా ఉంటాడని, చీకటి పడ్డాక నడవొద్దు, యూనివర్సిటీ బస్సు ఉంటుందని. ఏ కన్సల్టెన్సీ అయినా చెబుతుందా ఇవన్నీ?

ఇంటర్వ్యూ మార్చిలో, మా ఇంట్లో. వాళ్ల ఇల్లు రోడ్డు మీదికి కాబట్టి హారన్ల మోత. ఫోన్లు కట్టేసి, కుక్కర్ దింపేసి, నేను వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. తెర మీద ఐదుగురు. ఇరవై నిమిషాల పాఠం చెప్పమన్నారు. పాపం రాత్రీ పగలూ కూర్చుని తయారుచేసుకున్న స్లైడ్లు వాళ్ల వైపు తెరుచుకోలేదు. రెండుసార్లు ప్రయత్నించింది. తర్వాత ఒక్క నిమిషం అని లేచి వంటింట్లోకి వచ్చి, మేడం ఏమన్న కాయ ఉన్నదా అని గుసగుసగా అడిగింది. పచ్చడికని తెచ్చి నేను ఫ్రిజ్ కింది అరలో మర్చిపోయిన నిమ్మకాయలు ఉన్నాయి. ఒకదానికి ఆకుపచ్చ బూజు కూడా పట్టింది. సిగ్గుతో దాచబోయాను. అదే కావాలని లాక్కుని పోయింది.

ఇందిరా, ఆ బూజు కాయనూ మంచి కాయనూ కెమెరా ముందు పక్కపక్కన పెట్టి ఇరవై నిమిషాలు చెప్పింది. కాయ తొక్కకు గీత ఎక్కడ పడుతుంది, బూజు ఆ గీతలోంచి ఎలా దిగుతుంది, పక్కకాయకు ఎప్పుడు పాకుతుంది. బోటనీ చెప్పి బతికినదాన్ని, నేనే నోరు తెరుచుకుని విన్నాను. చివర ఆ కోపిష్టి డీన్ ఒక ప్రశ్న వేశాడు. పదకొండేళ్లుగా పర్మినెంటు ఉద్యోగం ఎందుకు రాలేదు అని. ఇది తడుముకోలేదు. ఆ పోస్టు మా కాలేజీలో పదకొండేళ్లుగా ప్రకటించలేదు, ప్రకటించి ఉంటే నేను పోటీ పడేదాన్ని, ఇప్పుడు మీరు ప్రకటించారు కాబట్టి పోటీ పడుతున్నాను అంది. అవతల ఎవరో నవ్వారు. ఆయనే అయి ఉంటాడని నా నమ్మకం.

ఎంపికైంది. ఇక సిఫార్సు ఉత్తరాలు మూడు రావాలి, వాటిని రాసేవాళ్లే సూటిగా యూనివర్సిటీకి పంపాలి అన్నారు. రెండు వెళ్లాయి. మూడోది దాని పీహెచ్‌డీ గైడు చక్రపాణి గారు రాయాలి. ఆయన రాస్తానన్నారు. వారం గడిచింది. గుర్తు చేస్తే రేపన్నారు. ఇంకో వారం. చివరి తేదీ శుక్రవారం అనగా, సోమవారం వాళ్ల ఇంటికే వెళ్లింది. అప్పుడు బయటపడింది. ఆయన మర్చిపోలేదు, రాయదలుచుకోలేదు. ఆడపిల్లవు, చిన్నపిల్లను వదిలి అంత దూరం ఎందుకమ్మా, నీ మంచికే ఆపాను, ఇక్కడే ఏదో ఒకటి చూద్దాం అన్నారట.

ఆ రోజు మాత్రం అది నా సోఫాలో కూర్చుని ఏడ్చింది. కాసేపే. ముఖం కడుక్కుని యూనివర్సిటీకి రాసింది. నా గైడు ఉత్తరం రాదు, నేను పాఠం చెప్పడం ఏళ్ల తరబడి దగ్గరుండి చూసిన మా పూర్వపు విభాగాధిపతి ఉత్తరం అంగీకరిస్తారా అని. ఆయన మీద ఒక్క ఫిర్యాదు మాట లేదు. బుధవారం మధ్యాహ్నం మూడింటికి సరేనన్న జవాబు వచ్చింది. ఆ విభాగాధిపతిని నేనే కదా, నాలుగున్నరకు ఉత్తరం పంపేశాను.

చక్రపాణికి ఫోన్ చేసి కడిగేస్తానని నేను లేచాను. వద్దంది. ‘సార్ రాయలే, నిజమే. గని మైక్రోస్కోప్‌ల బూజును మొదటిసారి చూపిచ్చింది సారే మేడం. పోయే ముంగట చెప్పిపోవాలె’ అంది. నిజంగానే జూలై ఆఖరున వెళ్లి, అపాయింట్‌మెంట్ ఆర్డరు చూపించి, ఏ ఉత్తరమైతే మీరు రాయలేదో అది లేకుండానే వెళ్తున్నాను సార్, నాకు బాధైంది, కానీ మీ దగ్గర నేర్చుకున్నదే అక్కడ చెబుతాను అని ఉన్న మాట ఉన్నట్టు చెప్పి వచ్చింది. ఆయన గేటు దాకా వచ్చి సాగనంపారట. బాధపడ్డానని మొహం మీద చెప్పి, చేసిన మేలునూ మర్చిపోకుండా ఉండటం నాకీ వయసుకూ చేతకాలేదు.

ఆగస్టు రెండున శంషాబాద్ వెళ్లి ఎక్కించాం. మధు, జ్యోతిక పర్మిట్లు వచ్చాక జనవరిలో వెళ్తారు. మట్టయ్య ఎయిర్‌పోర్టులో కనిపించిన ప్రతివాడికీ, మా బిడ్డ పాఠం చెప్ప పోతున్నది, ఎవ్వలు పంపలే, ఆమెనే పోతున్నది అని చెప్పాడు.

ఇప్పుడు ఆదివారాలు నా హాల్లో జనం. మన కాలేజీ నుంచే గీత, అమల అని ఇద్దరు కుర్ర లెక్చరర్లు వస్తున్నారు. యాదలక్ష్మి అక్కడినుంచి వీడియోలో కూర్చుని వాళ్ల దరఖాస్తులు దిద్దుతుంది. నేను అడ్డొచ్చి విశేషణాలు చేర్చబోతే ముగ్గురూ కలిసి కొట్టేస్తున్నారు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. చుక్కల మందు మానకు. మీ మరదలికి, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ
సూర్యప్రభ

తా.క. అసలు సంగతి రాయలేక ఇన్ని పేజీలు నింపాను. చక్రపాణిని తిట్టడానికి లేచినదాన్ని, యాదలక్ష్మి వద్దన్నందుకు కూర్చోలేదు. తిట్టే అర్హత నాకు లేదని గుర్తొచ్చి కూర్చున్నాను.

1996లో నువ్వు ఇథియోపియాలో యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టావు. మన ఇద్దరికీ అప్పుడు ముప్పై ఐదేళ్లు. సైన్స్ విభాగం ఇన్‌ఛార్జిగా నేను నీ గురించి రహస్య నివేదిక రాసి వాళ్లకు పంపాలి. నువ్వే చిరునామా రాసి, స్టాంపులు అంటించి కవరు నా చేతికిచ్చావు. నేను రాశాను ఇందిరా. బాగానే రాశాను. పోస్టు చేయలేదు. నువ్వెళ్లిపోతే స్టాఫ్‌రూమ్‌లో నేను ఒక్కదాన్నయిపోతానని భయం. అంతకంటే, నాకు రాని ధైర్యం నీకు వచ్చిందని కడుపుమంట. మూడు నెలలు నువ్వు పోస్టుమాన్ కోసం ఎదురుచూశావు. వాళ్లకు నేను నచ్చలేదేమో ప్రభా అన్నావు. పోనీలే అని నీ భుజం తట్టింది నేనే. ఆ సాయంత్రం కవరు చింపేశాను. ఆ తర్వాత నువ్వు ఇంకెక్కడికీ రాయలేదు. నువ్వు నచ్చకపోవడం కాదు, వాళ్లు నీ గురించి చదవనే లేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా నువ్వు తప్పుగా అనుకుంటున్నది ఆ ఒక్కటీ సరిచేయాలని ఇది రాస్తున్నాను.

క్షమించమని అడగడం లేదు. కోపం వస్తే రానివ్వు, ఫోన్ చేయాలనిపించకపోతే చేయకు. ఆ నివేదికలో చివరి వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆలస్యమైనా అది చేరవలసిన మనిషికే చేరుస్తున్నాను: నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన ఉపాధ్యాయుల్లో ఈమె అందరికన్నా మెరుగు, నాకన్నా కూడా.

ఈ ఉత్తరం ఎవరి చేతికీ ఇవ్వను. రేపు సోమవారం, పోస్టాఫీసు తెరిచే వేళకు నేనే వెళ్లి రిజిస్టర్ చేయించి, రసీదు చేతికి వచ్చేదాకా ఆ కౌంటర్ దగ్గరే నిలబడతాను.